బస్సులకు ఉదజని మేలా, విద్యుత్తు మేలా?

డీజిల్ బస్సు స్థానమున ఏ బస్సు రావలెనను ప్రశ్న నేడు ప్రతి రోడ్డు రవాణా సంస్థ యెదుటను నిలిచియున్నది. పోటీలో ఉన్నవి రెండు. ఒకటి బ్యాటరీలో నింపుకొన్న విద్యుచ్ఛక్తితో నడచు బస్సు. రెండవది హైడ్రోజన్, అనగా ఉదజని వాయువును తొట్లలో నింపుకొని, దానినుండి విద్యుచ్ఛక్తిని పుట్టించుకొనుచు నడచు బస్సు. రెండింటినుండియు పొగ రాదు. రెండును పెద్ద చప్పుడు లేక సాగును. మన దేశమున రెండింటికిని ప్రభుత్వ ధనము కేటాయింపబడినది. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయల జాతీయ హరిత ఉదజని కార్యక్రమము ఆమోదము పొందినది. పరిశ్రమలతోపాటు వాహనములును దాని పరిధిలోనివే. అదే సంవత్సరము ఆగస్టులో నగరములలో 10,000 విద్యుత్ బస్సులు నడుపుటకు పి.ఎం. ఈ-బస్ సేవ పథకము ఆమోదింపబడినది.

బస్సు ఒకసారి కొన్నచో పది పండ్రెండేండ్లు నడువవలసినది. దానికై డిపోలో అమర్చిన యంత్రములు అంతకంటెను ఎక్కువకాలము ఉండును. ఎన్నికలో పొరపాటు జరిగినచో దాని భారము టిక్కెట్టు కొను ప్రయాణికునిపైనను, పన్ను చెల్లించు పౌరునిపైనను పడును. కావున రెండు పక్షముల ప్రశంసలను ప్రక్కకు పెట్టి, శక్తి లెక్కను, మసి లెక్కను, అనుభవము చెప్పు సాక్ష్యమును పరిశీలించుట అవసరము.

రెండు బస్సులు పనిచేయు విధము

చక్రములను త్రిప్పునది రెండు బస్సులలోను విద్యుత్ మోటారే. తేడా అంతయు ఆ మోటారునకు విద్యుత్తు ఎచ్చటినుండి వచ్చుచున్నదను విషయముననే ఉన్నది.

విద్యుత్ బస్సునందు పెద్ద లిథియము బ్యాటరీ ఉండును. రాత్రి డిపోలో దానిని విద్యుత్ తీగకు తగిలించి నింపుదురు. పగలు ఆ శక్తి మోటారునకు పోవును. బ్రేకు వేసినపుడు మోటారే డైనమోగా మారి, బస్సు గతిజ శక్తిలో కొంతభాగమును తిరిగి బ్యాటరీకి చేర్చును.

ఉదజని బస్సునందు బ్యాటరీ చిన్నది. దాని ముఖ్యాంగము ఇంధన ఘటము. ఇది క్రొత్త వస్తువు కాదు. వేల్స్ దేశీయుడైన విలియం గ్రోవ్ 1839లోనే ఇట్టి ఘటమును నిర్మించెను. నీటిలో విద్యుత్తును ప్రవహింపజేసినచో ఉదజని, ఆమ్లజని విడివడునని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలియును. ఇంధన ఘటమున జరుగునది దానికి సరిగా విపర్యయము. ఉదజని అణువులు ఒక ప్రక్కనుండి ప్రవేశించి, ప్లాటినము ఉత్ప్రేరకముచేత ప్రోటానులుగను ఎలక్ట్రానులుగను విడిపోవును. ప్రోటానులు నడుమనున్న పలుచని పొరగుండా ఆవలికి పోవును. ఆ పొర ఎలక్ట్రానులకు దారి ఇయ్యదు. అవి తీగగుండా చుట్టి పోవలెను. అట్లు పోవు ఎలక్ట్రానుల ప్రవాహమే విద్యుత్తు. ఆవలిప్రక్క రెండును గాలిలోని ఆమ్లజనితో కూడి నీరగును.

కావున ఉదజని బస్సు కూడ నిజమునకు విద్యుత్ బస్సే. విద్యుత్తును నేరుగా మోయుటకు బదులు అది ఉదజని రూపమున మోయుచున్నది. విమర్శకుడు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే: ఈ రూపము మార్చుటకు చెల్లించు మూల్యమెంత?

శక్తి లెక్క

ఉదజని బొగ్గువలె గనులనుండి త్రవ్వి తెచ్చుకొనునది కాదు. భూమిపై అది నీటితోను, కర్బనముతోను కూడియే విస్తారముగా లభించును. దానిని విడదీయుటకు శక్తి కావలెను. ఒక కిలో ఉదజనిలో ఇంధన ఘటమునకు ఉపయోగపడు శక్తి సుమారు 33 యూనిట్లు. యూనిట్టు అనగా ఇంటి మీటరుపై కనబడు కిలోవాట్-గంటయే. ఆ ఒక కిలోను నీటినుండి విడదీసి, వాతావరణ పీడనమునకు 350 రెట్ల పీడనమున నొక్కి బస్సు తొట్టిలో నింపుటకు సుమారు 55 యూనిట్లు పట్టును. నింపుట పూర్తియగునప్పటికే పెట్టిన శక్తిలో అయిదింట రెండు వంతులు పోయినవి. ఇంధన ఘటములో మిగిలినదాని సగము వేడిగా పోవును. మోటారు వద్ద మరికొంత పోవును. విద్యుత్కేంద్రమున బయలుదేరిన 100 యూనిట్లలో చక్రమును చేరునవి 25 మొదలు 30 వరకు మాత్రమే.

విద్యుత్ బస్సునందును నష్టములు కలవు. తీగలలో కొంత, నింపుడు యంత్రములో కొంత, బ్యాటరీలో కొంత, మోటారులో కొంత పోవును. అయినను 100 యూనిట్లలో 70 మొదలు 75 వరకు చక్రమును చేరును.

ఈ తేడాను ఒక డిపోకు అన్వయించి చూచినచో దాని ప్రమాణము తెలియును. డిపోలో 100 బస్సులు ఉన్నవనియు, ఒక్కొక్కటి దినమునకు 200 కిలోమీటర్లు తిరుగుననియు అనుకొందురు గాక. విద్యుత్ బస్సునకు కిలోమీటరునకు 1.3 యూనిట్ల చొప్పున దినమునకు 26,000 యూనిట్లు కావలెను. ఉదజని బస్సునకు 100 కిలోమీటర్లకు 8 కిలోల ఉదజని చొప్పున, అనగా ఉదజనికి అనుకూలముగనే లెక్కవేసినను, దినమునకు 1,600 కిలోలు కావలెను. వానిని తయారుచేయుటకు 88,000 యూనిట్లు పట్టును. అనగా మూడు రెట్లకు మించినది.

ఈ విద్యుత్తు సూర్యరశ్మినుండియే రావలెనన్నచో, మన దేశమున ఒక మెగావాట్ సౌర ఫలకములు దినమునకు సగటున 4,300 యూనిట్లు ఇచ్చుననుకొనిన, విద్యుత్ బస్సుల డిపోకు 6 మెగావాట్లు చాలును. ఉదజని డిపోకు 20 మెగావాట్లు కావలెను. మెగావాట్‌కు నాలుగైదు ఎకరములు పట్టునని యెంచినచో, మొదటిదానికి పాతిక ముప్పది ఎకరములు, రెండవదానికి ఎనుబదినుండి నూరెకరములు. తిరిగిన బస్సులు అవే, ఎక్కిన ప్రయాణికులు అవే సంఖ్య.

నీటి ఆవిరి ఒక్కటేనా?

ఉదజని బస్సునుండి నీటి ఆవిరి తప్ప మరేమియు రాదని తరచు వ్రాయుదురు. బస్సు వెనుక నిలిచి చూచిన ఆ మాట సత్యమే. కాని బస్సు వెనుక నిలిచి చూచుట శాస్త్రీయ పరిశీలన కాదు. ఇంధనము పుట్టినచోటికి పోయి చూడవలెను.

నేడు ప్రపంచమున తయారగు ఉదజనిలో అత్యధిక భాగము సహజవాయువునుండియు, బొగ్గునుండియు వచ్చుచున్నది. సహజవాయువునుండి ఒక కిలో ఉదజని తీయునపుడు సుమారు 10 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఆ ఉదజనితో నడచు బస్సు కిలోమీటరునకు 0.8 కిలో వాయువునకు కారణమగుచున్నది. లీటరునకు మూడు కిలోమీటర్లు నడచు డీజిల్ నగర బస్సు వెలువరించునది 0.9 కిలో. రెంటికి నడుమ పెద్ద తేడా లేదు. ఇక మన దేశపు తీగలలో వచ్చు విద్యుత్తుతో నీటిని విడదీసినచో స్థితి మరింత విషమించును. ఆ విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండి వచ్చునది. యూనిట్టునకు సుమారు 0.7 కిలో బొగ్గుపులుసు వాయువు దాని వెంట ఉన్నది. ఉదజని బస్సునకు కిలోమీటరునకు 4.4 యూనిట్లు కావలెను గనుక, వెలువడునది 3 కిలోలకు పైగా అగును. ఇది డీజిల్ బస్సుకంటె మూడు రెట్లు అధికము.

ఇదే కొలబద్దతో విద్యుత్ బస్సును కూడ కొలువవలెను. 1.3 యూనిట్లను 0.7తో గుణించిన 0.9 కిలో వచ్చును. అనగా బొగ్గు విద్యుత్తుతో నడచినంతకాలము విద్యుత్ బస్సు కూడ బొగ్గుపులుసు వాయువు విషయమున డీజిల్ బస్సుతో సమానమే గాని మేలు కాదు. విద్యుత్ బస్సుల ప్రశంసకులు ఈ సంగతిని చెప్పుట లేదు. అయినను రెండు విశేషములు కలవు. మొదటిది, పొగ జనసమ్మర్దమైన వీథినుండి తొలగిపోవును. బస్‌స్టాపులో నిలిచిన పిల్లల ఊపిరితిత్తులకు అది చిన్న మేలు కాదు. రెండవది, తీగలలోనికి సూర్యశక్తి, వాయుశక్తి చేరినకొలది ఆ బస్సే క్రమముగా నిర్మలమగును. డీజిల్ బస్సునకు ఆ అవకాశము లేదు. ఉదజని బస్సునకు ఆ అవకాశము ఉన్నను, మూడు రెట్ల దూరము నడచిగాని అది గమ్యము చేరదు.

ఉదజని పక్షమున చెప్పదగినవి

ఉదజనికి స్వకీయమైన గుణములు లేకపోలేదు. మొదటిది బరువు. 300 యూనిట్ల బ్యాటరీ సుమారు రెండు టన్నులు తూగును. 30 కిలోల ఉదజని, దానిని మోయు బలమైన తొట్లతో కలిపి ఐదారు వందల కిలోలు మాత్రమే. ఇంధన ఘటములో సగము పోయినను దానినుండి 500 యూనిట్లు లభించును. రెండవది కాలము. ఉదజని పది నిమిషములలో నింపవచ్చును. బ్యాటరీకి గంటలు పట్టును. మూడవది నిలువ. మధ్యాహ్నము సూర్యశక్తి అధికముగ నున్నపుడు ఉదజనిని తయారుచేసి దాచుకొనవచ్చును; రాత్రిపూట నింపు బ్యాటరీలకు సూర్యుడు తోడుండడు.

ఈ మూడింటిలో మొదటి రెండును దూరప్రయాణమునకే పనికివచ్చును. నగర బస్సు దినమునకు తిరుగునది 200 కిలోమీటర్ల ప్రాంతము. రాత్రి డిపోకు వచ్చి ఎట్లును నిలిచియే యుండును. అట్టి బస్సునకు పది నిమిషములలో నింపుటవలన కలుగు లాభము స్వల్పము. మూడవది గట్టి వాదమే. కాని నిలువచేయుటకు మూడింట రెండు వంతుల శక్తిని పోగొట్టుకొనుటకంటె, మధ్యాహ్నపు విరామమున బస్సును కొంతసేపు తీగకు తగిలించుటయో, డిపోలో నిలువ బ్యాటరీని ఉంచుటయో చౌక.

ప్రమాదముల విషయమున రెండు పక్షములును జాగ్రత్త వహింపవలసినదే. ఉదజని గాలిలో 4 శాతము మొదలు 75 శాతము వరకు ఏ పాలున కలిసినను అంటుకొనును. దాని జ్వాల పగటివేళ కంటికి సరిగా కనబడదు. 2019 జూన్‌లో నార్వే దేశమున ఓస్లో సమీపముననున్న ఉదజని నింపుడు కేంద్రము ప్రేలినది. ఒక తొట్టి బోల్టులు సరిగా బిగింపకపోవుటయే కారణమని తేలినది. లిథియము బ్యాటరీ ఒకసారి అంటుకొనినచో ఆర్పుట కష్టము. ఆరినట్లు కనబడి మరల రగులుకొనుటయు కలదు.

విద్యుత్ బస్సు లోపములు

విద్యుత్ బస్సు ధర డీజిల్ బస్సుకంటె చాల అధికము. ఆ ధరలో పెద్దపాలు బ్యాటరీది. బ్యాటరీ ఏటేట కొంత శక్తిని కోల్పోవును; మిక్కుటమైన వేడి దాని ఆయుష్షును తగ్గించును. వేసవిలో చల్లని గాలి యంత్రము పనిచేసినపుడు ఒకసారి నింపిన శక్తితో పోగల దూరము తగ్గును. కనుక కంపెనీ పత్రమున వ్రాసిన దూరమును నమ్మి మార్గములు నిర్ణయించిన రవాణా సంస్థ మే నెలలో చిక్కులలో పడును.

డిపో విషయము మరియొకటి. పైన చెప్పిన 26,000 యూనిట్లను రాత్రి ఆరు గంటలలో నింపవలెనన్నచో 4,300 కిలోవాట్ల విద్యుత్తు ఒక్కచోట కావలెను. దానికి ప్రత్యేకమైన సబ్‌స్టేషను, క్రొత్త తీగలు ఉండవలెను. బస్సులు ముందు వచ్చి తీగలు తరువాత వచ్చినచో ఆ బస్సులు షెడ్డులోనే యుండును.

తయారీలో లోపములున్న బస్సులును కలవు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరము 2019లో ప్రవేశపెట్టిన 25 విద్యుత్ బస్సులను, చట్రములలో పగుళ్లు కనబడుటచేత, 2020లో వీథులనుండి తొలగింపవలసి వచ్చినది. ఐతే ఇవి యన్నియు సరిదిద్దదగిన లోపములు. బ్యాటరీల ధర గత దశాబ్దమున బాగుగా తగ్గినది; బలమైన చట్రము నిర్మింపవచ్చును; సబ్‌స్టేషను కట్టవచ్చును. ఉదజని నష్టములలో కొంతభాగము అట్టిది కాదు. నీటిని విడదీయుటకు కావలసిన కనీస శక్తిని రసాయన ధర్మములే నిర్ణయించుచున్నవి. యంత్రములు ఎంత మెరుగైనను ఆ హద్దును దాటలేవు.

అనుభవము చెప్పు సాక్ష్యము

ఉదజని బస్సునకు అవకాశము దొరకలేదనుట సరికాదు. 2003 మొదలు 2006 వరకు ఐరోపాలోని తొమ్మిది నగరములలో 27 ఉదజని బస్సులను నడిపి పరీక్షించిరి. బస్సులు నడచినవి, సాంకేతికముగ సాధ్యమేనని తేలినది. ఖర్చు సంగతి మాత్రము తరువాత తేలవలసియుండెను.

కెనడాలోని విస్లర్ పట్టణము 2010 శీతకాలపు ఒలింపిక్ క్రీడల సందర్భమున 20 ఉదజని బస్సులను నడిపినది. వానికి కావలసిన ఉదజని దేశపు తూర్పు భాగముననున్న క్విబెక్ రాష్ట్రమునుండి లారీలపై వేలాది కిలోమీటర్లు ప్రయాణము చేసి వచ్చెడిది. నిర్మలమైన బస్సునకు డీజిల్ లారీ ఇంధనము మోయుట విచిత్రమైన ఏర్పాటు. 2014లో ఆ ప్రయత్నము ముగిసినది.

ఫ్రాన్సులోని మోంపెలియె నగరము 51 ఉదజని బస్సులు కొనదలచి, 2022 జనవరిలో ఆ ఆలోచనను విరమించినది. ఉదజనితో కిలోమీటరునకు 95 సెంట్లు, విద్యుత్తుతో 15 సెంట్లు అగునని ఆ నగర పాలకులు లెక్కగట్టిరి. ఆరు రెట్ల తేడా కనబడిన పిమ్మట మరొక మార్గము లేకపోయినది.

దీనికి భిన్నముగా జర్మనీలో కొలోన్ నగర పరిసర ప్రాంతపు రవాణా సంస్థ ఉదజని బస్సులను పెద్దసంఖ్యలో నడుపుచు వచ్చినది. అచ్చట హ్యూర్ట్ పట్టణపు రసాయన కర్మాగారములలో మరొక వస్తువు తయారగునపుడు ఉదజని ఉపఫలముగా లభించును. ఉదజని ఎచ్చట ఇట్లు సిద్ధముగ లభించునో అచ్చట పై లెక్క కొంత మారును. కాని అట్టి చోట్లు అరుదు.

విద్యుత్ బస్సుల పక్షమున బలమైన సాక్ష్యము చైనాలోని షెంజెన్ నగరము. 2017 చివరకు ఆ నగరము తన 16,000కు పైగా బస్సులను అన్నింటిని విద్యుత్ బస్సులుగా మార్చినది. ప్రభుత్వపు ఆర్థిక సహాయము లేనిదే ఇది జరుగలేదన్నది నిజమే. కాని పదుల సంఖ్యలో చేసిన పరీక్షకును, ఒక మహానగరమంతయు దినదినము ఆధారపడిన సేవకును భేదము కలదు.

తిరుమల, లేహ్, విశాఖ

తెలుగువారికి సమీపమున మంచి ఉదాహరణము తిరుమల కొండదారి. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 2022 నుండి తిరుపతి తిరుమలల నడుమ విద్యుత్ బస్సులను నడుపుచున్నది. ఎత్తు భేదము సుమారు 700 మీటర్లు. ప్రయాణికులతో కలిపి బస్సు 13 టన్నులు తూగుననుకొనిన, కొండపైకి చేరునప్పటికి దాని స్థితిజ శక్తి సుమారు 25 యూనిట్లు పెరుగును. డీజిల్ బస్సు దిగునపుడు ఈ శక్తి అంతయు బ్రేకులలో వేడియై వ్యర్థమగును. విద్యుత్ బస్సునందు సగము తిరిగి బ్యాటరీకి చేరినను 12 యూనిట్లు. అది సమతలముపై తొమ్మిది కిలోమీటర్ల ప్రయాణమునకు చాలును. ఉదజని బస్సులోని చిన్న బ్యాటరీ కూడ ఈ పని చేయగలదు, కాని అది నిండినపిదప మిగిలినది బ్రేకులకే పోవును.

దేశమునకు మరియొక కొసన, 11 వేల అడుగులకు పైబడిన లేహ్ పట్టణమున, ఎన్.టి.పి.సి. సంస్థ ఐదు ఉదజని బస్సుల పథకమును చేపట్టి, 2023లో పరీక్షలు ఆరంభించినది. ఉదజని తయారీకి ప్రక్కనే సౌర విద్యుత్కేంద్రము నిర్మించిరి. అచ్చటి తీవ్రమైన చలిలో బ్యాటరీ శక్తి తగ్గును. బస్సును వెచ్చగా ఉంచుటకును అదే బ్యాటరీ ఖర్చు కావలెను. ఇంధన ఘటమునుండి వెలువడు వేడి అచ్చట వ్యర్థము కాదు, ఉపయోగమే. పలుచని గాలిలో ఆమ్లజని తక్కువగుట ఇంధన ఘటమునకు ప్రతికూలము. కావున లేహ్ ఉదజనికి తగిన పరీక్షాస్థలము. కాని అచ్చట లభించిన ఫలితమును విజయవాడకో, హైదరాబాదునకో అట్లే అన్వయింపరాదు.

2025 మార్చిలో కేంద్రప్రభుత్వము ఉదజని బస్సులకు, లారీలకు ఐదు ప్రయోగాత్మక పథకములను మంజూరు చేసినది. మొత్తము 37 వాహనములు, 9 నింపుడు కేంద్రములు, సుమారు 208 కోట్ల రూపాయలు. ఎన్నుకొన్న దారులలో విశాఖపట్నము, బయ్యవరముల నడుమనున్న జాతీయ రహదారియు ఒకటి. ప్రయోగము చేయుట తప్పు కాదు. కాని ప్రయోగమునకు ముందే ఏమి కొలువవలెనో నిర్ణయింపవలెను. ఉదజని తయారీ కేంద్రపు మీటరునుండి లెక్కించి కిలోమీటరునకు ఎన్ని యూనిట్లు పట్టినవి? ఎన్ని దినములు బస్సు షెడ్డులో నిలిచిపోయినది? కిలోమీటరునకు మొత్తము ఖర్చెంత? ఈ మూడు అంకెలను ప్రజల ముందు ఉంచని ప్రయోగము ప్రయోగము కాదు, ప్రదర్శన.

తీర్పు

నగరములలోను, చుట్టుప్రక్కల పట్టణములకును తిరిగి రాత్రికి డిపో చేరు బస్సులకు విద్యుత్ బస్సే తగినది. మన రవాణా సంస్థల నగర బస్సులలో అధికభాగము ఇట్టివే. మిక్కిలి దూరము, మిక్కిలి చలి ఉన్న దారులలోను, ఉదజని ఉపఫలముగా దొరకు చోట్లను ఉదజని బస్సును పరీక్షించుట సమంజసము. సూర్యశక్తితో తయారగు కొద్దిపాటి ఉదజనికి అంతకంటె తగిన స్థానములు వేరే కలవు. ఎరువుల తయారీకి అమోనియా కావలెను. అమోనియాకు ఉదజని తప్పనిసరి. ఉక్కు తయారీలో కోకు బొగ్గునకు బదులు ఉదజనిని వాడవచ్చును. ఆ పనులకు విద్యుత్ తీగ ఒక్కటి చాలదు, బస్సునకు చాలును.

ఈ విషయమును తరగతిలో బోధింపదలచిన ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ ఊరి డిపో లెక్కనే వేయింపవచ్చును. డిపోలో బస్సులెన్ని, ఒక్కొక్కటి దినమునకు తిరుగు దూరమెంత, పోయు డీజిలెంత అని డిపో అధికారులనడిగి తెలిసికొనవచ్చును. పైన ఇచ్చిన అంకెలతో గుణించినచో ఆ డిపోకు ఎన్ని యూనిట్లు, ఎన్ని కిలోల ఉదజని, ఎన్ని ఎకరముల సౌర ఫలకములు కావలెనో పలకపైననే తేలును.